దిగని తువ్వాలు

...అయినా ఎవరు ఎవర్ని తీసుకొచ్చారన్నది అంత ముఖ్యమా? మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు కుర్చీలో సర్దుకోకముందే అదే అడుగుతారు. నేను అత్తగారిని వెంటబెట్టుకొచ్చానా, అత్తగారే నన్ను వెంటబెట్టుకొచ్చిందా అని. మొగుడితో మాట పట్టింపు వచ్చి పుట్టింటికి వెళ్ళిన కోడళ్ళు వాళ్ళకి తెలుసు. అత్తగారితో కలిసి పక్క వీధిలో రెండు గదులు చూసుకున్న కోడలు మాత్రం ఏ గూట్లోనూ ఇమడదు. వాళ్ళు పడే ఆ ఇబ్బంది చూడటం నాకు సరదాగానే ఉంటుంది. మా అత్తయ్యకి ఇంకా సరదా. "నేనే దీన్ని లేవదీసుకొచ్చేశాను" అని ముఖంలో నవ్వు కనపడనీయకుండా చెప్పి లోపలికి వెళ్ళిపోతుంది.

పశ్చాత్తాపం ఉందా అని కూడా అడుగుతారు, నోటితో కాదు, కళ్ళతో. ఉంది. కానీ వాళ్ళు అనుకునే దాని గురించి కాదు. నాలుగు లైన్ల గురించి. ఆ నాలుగు లైన్లూ నేను ఒక సాయంత్రం, తెర ముందు కూర్చుని, చల్లారిపోయిన టీ తాగుతూ రాశాను. రాస్తున్నప్పుడు సంతోషంగా కూడా ఉన్నాను.

బోర్డు ఆ వేసవి మొదట్లో వచ్చింది. మనిషి అరచేయంత ఉంటుంది. ఏడాది పాటు నేను కంప్యూటర్‌లో గీసిన గీతలన్నీ సన్నటి రాగి దారులై, పచ్చటి పలకలో ఒదిగిపోయి వచ్చాయి. వీధుల్లో చెత్త ఎత్తే పెద్ద బళ్ళ కోసం తయారు చేసింది అది. బండికి ముందు ఒక కెమెరా, రెండు పక్కలా రెండు, వెనక ఒకటి. డ్రైవరు ఎదురుగా రెండు తెరలు. పెద్ద తెర మీద నాలుగు గడులుంటాయి, నాలుగు కెమెరాల బొమ్మలూ అందులో కనిపిస్తాయి. బండిని వెనక్కి తీసేటప్పుడు చిన్న తెర నిండా వెనక కెమెరా బొమ్మ ఒక్కటే వస్తుంది. ఈ నాలుగింటినీ ఆ రెండింటితో కలిపేది మా బోర్డు. బయట దొరికే బోర్డుల్లో రెండు కెమెరాలకి మించి చోటు ఉండేది కాదు, ఉన్నవి ఆ బళ్ళ కుదుపుకి ఆగేవి కావు. అందుకే సొంతంగా చేద్దామనుకున్నాం. కంపెనీ అంటే మా ఇంటి ముందు గది. సిబ్బంది అంటే నేనూ, మా ఆయనా.

అత్తయ్యని సిబ్బందిలో మేము లెక్కవెయ్యలేదు. అదొక తప్పు.

ఆమె బట్టల మిల్లులో తనిఖీ బల్ల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసింది. కింద దీపాలు వెలిగే గాజు బల్ల మీదుగా బట్ట పారుతూ ఉంటే, దారం తెగిన చోట, ముడి పడిన చోట సుద్దతో గీత గీయడం ఆమె పని. మిల్లులో ఆమెని డేగ అనేవాళ్ళట. పని మానేశాక ఆ కళ్ళకి చూడ్డానికేమీ లేక, మా పని చూడటం మొదలుపెట్టింది. బోర్డుని కిటికీ వెలుగులో పెట్టి, రాగి దారులు ఒకచోట పాములా మెలికలు తిరిగి ఉండటం చూసి, ఇది నేత తప్పు కాదా అంది.

"తప్పు కాదత్తయ్యా, కావాలనే తిప్పాను. అన్నీ ఒకేసారి చేరాలి. దగ్గర దారి ఉన్నది కాస్త చుట్టు తిరిగి రావాలి."

"బాగుంది. ఇంట్లో ఆ న్యాయం ఎప్పుడు పెడతావు?"

నాలుగు కెమెరాలతో మొదటి చిక్కు అవి నాలుగూ ఒకే ఫ్యాక్టరీ నుంచి ఒకే చిరునామాతో రావడం. ఒకదాన్ని పిలిస్తే నాలుగూ పలికేవి. రెండు రోజులు ఆ గందరగోళంతో తల పట్టుకున్నాను. అత్తయ్య విని, మిల్లులో తమ షిఫ్టులో ఒకే పేరున్నవాళ్ళు ఆరుగురుండేవాళ్ళనీ, మేస్త్రీ ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదనీ, ముందు భుజం తట్టి ఆ తర్వాతే మాట్లాడేవాడనీ చెప్పింది. నేను చివరికి చేసిందీ అదే. ఒకసారి ఒకదాని భుజమే తట్టే చిప్పు ఒకటి మధ్యలో పెట్టాను. అప్పుడు గడులు ఒకటొకటిగా వెలిగాయి. వీధి, పక్కింటి గోడ, పెరట్లో బట్టలు ఆరేసే తీగ, వంటింటి గుమ్మం. మా ఆయన కుర్చీలోంచి లేచి గది మధ్యలో నిలబడిపోయాడు. అతని ముఖం అలా తెరుచుకోవడం నేను పెళ్ళి తర్వాత రెండుసార్లో మూడుసార్లో చూశాను.

కానీ బొమ్మలు అదిరేవి. ఏదో ఒక కెమెరా నుంచి రావాల్సిన బొమ్మ రెప్పపాటు ఆలస్యమైతే ఆ గడి నల్లగా మెరిసి మళ్ళీ వచ్చేది. మూడు రోజుల్లో ఆ బళ్ళ డిపో మేనేజరు చూడ్డానికి వస్తున్నాడు. బొమ్మ చెదరకుండా ఏదైనా చెయ్యమన్నాడు మా ఆయన.

అప్పుడు రాశాను ఆ నాలుగు లైన్లు. కొత్త బొమ్మ రాకపోతే పాత బొమ్మనే చూపించు. అంతే. అదురు పోయింది. నాలుగు గడులూ నీళ్ళు నిండిన పళ్ళెంలా నిలకడగా ఉన్నాయి. ఎంతసేపటి దాకా పాత బొమ్మని చూపించవచ్చు అన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదా అని చాలాసార్లు ఆలోచించాను. నాకు చిన్నప్పటి నుంచీ ఒక విద్య వచ్చు. ఎవరైనా నన్ను నొప్పిస్తే, అంతకుముందు క్షణంలో నా ముఖం ఎలా ఉందో అలాగే పట్టి ఉంచగలను. లోపల ఏం ఆగిపోయినా బయట బొమ్మ కదలదు. మా అమ్మ దాన్ని ఓర్పు అనేది. ఆ విద్యనే నేను యంత్రానికి నేర్పాను కాబోలు. మనం రాసేదంతా ఎక్కడి నుంచో వస్తుంది కదా.

డిపో మేనేజరు వచ్చి చూసి మెచ్చుకున్నాడు. ఒక బండికి బిగించి చూపించమన్నాడు. దానికి ముందు మూడు రోజుల పరీక్ష నివేదిక కావాలన్నాడు.

పరీక్ష మా ముందు గదిలోనే. బండి క్యాబిన్‌లో ఉండే ఉక్కపోత కోసం బోర్డుని రేకు పెట్టెలో మూసి, కిటికీ తలుపులు వేసి, ఫ్యాను ఆపేశాం. మనిషి కూర్చోగలిగే చోటు కాదది. అత్తయ్య తడిగుడ్డ మెడకి చుట్టుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కథ లేని టీవీ ఇది. వీధి చూడ్డానికి కిటికీ ఉండగా అది మూసేసి, తీగల్లోంచి చూపిస్తున్నారు. ఏం చదువులమ్మా మీవి."

కూర్చోమని ఆమెని ఎవరూ అడగలేదు. నేను పక్క బల్ల దగ్గర లెక్కలు చూసుకుంటూ ఉండేదాన్ని. మధ్యమధ్య తెర వైపు చూసేదాన్ని. నేను వెతికేది మచ్చల కోసం, గీతల కోసం, రంగు వెలిసిపోవడం కోసం. రెండో రోజు మధ్యాహ్నం ఎండ మండిపోతున్నప్పుడు చూశాను, ఒక్క మచ్చ లేదు. మూడో గడి అయితే ముందెన్నడూ లేనంత అందంగా ఉంది.

"అమ్మాయ్," అంది అత్తయ్య. "మూడో దాంట్లో తువ్వాలు ఇంకా దిగలేదు."

ఏ తువ్వాలన్నాను తలెత్తకుండానే.

"ఎర్రది. గాలికి లేచింది. లేచిన తువ్వాలు దిగాలి కదా."

చూశాను. పెరట్లో తీగ మీద ఎర్ర తువ్వాలు ఒక కొస గాల్లోకి లేచి ఉంది. అలాగే ఉంది. వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. వేడిగాలికి తీగ మీద బట్టలన్నీ కొట్టుకుంటున్నాయి. ఎర్ర తువ్వాలు తీగ మీద లేదు, కింద మట్టిలో పడి ఉంది. ఎంతసేపైంది పడి? లోపలికొచ్చి తెర చూశాను. తువ్వాలు లేచే ఉంది. నేను ఆ కెమెరా ముందు నుంచే పెరట్లోకి వెళ్ళి వచ్చాను. తెరలోకి నేను రానే లేదు, అత్తయ్య చెప్పింది.

పదకొండు నిమిషాలకి పెట్టె కాస్త చల్లబడి, మూడో గడి కదిలింది. తువ్వాలు ఒక్కసారిగా మాయమైంది.

కారణం పట్టుకోవడానికి ఆ సాయంత్రం చాలింది. పెట్టె వేడెక్కితే ప్రాసెసరు తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. తగ్గినప్పుడు నాలుగు కెమెరాలనీ రెండు తెరలనీ మోయలేక ఒకదాన్ని వదిలేస్తుంది. వదిలేసేది ఎప్పుడూ మూడోదాన్నే. ఎందుకంటే తెర మీద మూడో గడి అయినా, చిప్పు తట్టే వరసలో ఆఖరున దాన్నే పెట్టాను. మూడోది వెనక కెమెరా. మరి నా లెక్కల్లో లోపం ఎందుకు బయటపడలేదు? నేను లెక్కపెట్టింది తెరకి వెళ్ళిన బొమ్మల్ని. కెమెరా నుంచి వచ్చిన బొమ్మల్ని కాదు. ఒకే బొమ్మ వెయ్యిసార్లు వెళ్ళినా అది వెయ్యి బొమ్మలే. ఆగిపోయిన బొమ్మలో మచ్చలు కూడా ఉండవు. ఈ పని తెలిసినవాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన తప్పు అది. తెలియని ఆమె తువ్వాలు చూసింది.

మర్నాడు పొద్దున మా ఆయనకి చెప్పాను. దిద్దుబాటు కూడా రాసి ఉంచానన్నాను. బొమ్మ అర సెకను కన్నా పాతదైతే ఆ గడి నల్లబడుతుంది. డ్రైవరు అద్దంలో చూసుకుంటాడు.

అతను చెడ్డవాడు కాదు. ఇది వినేవాళ్ళు అతన్ని విలన్ చెయ్యాలని తెగ ఉబలాటపడతారు, నేను చెయ్యనివ్వను. ఆ బోర్డు మీద టంకం వేసి వేసి అతని వేళ్ళ కొసలు మొద్దుబారాయి.

"రెండు రోజుల్లో ఒక్కసారి," అన్నాడు.

"మేము చూసినంతలో ఒక్కసారి."

"నల్ల తెర చూస్తే వాళ్ళు బోర్డు పోయిందంటారు."

"పోయినప్పుడు పోయిందనే అనాలి."

"అది నీ మాట. వాళ్ళ మాట వేరు. బొమ్మ ఉంటే బోర్డు బాగున్నట్టు, లేకపోతే లేనట్టు. వేడి సంగతి తర్వాతి వెర్షన్‌లో చూద్దాం. అప్పటిదాకా ఇలా వెళ్ళనీ."

గుమ్మంలో నిలబడి వింటున్న అత్తయ్య, మామూలుగా వంటకి ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. "ఒరేయ్ నాన్నా, అప్పటిదాకా ఆ బండి వెనక నువ్వు నిలబడతావా?"

"అమ్మా, నీకు తెలీదు. ఊరుకో."

"ఊరుకునేదాన్నయితే మిల్లులో నన్నెప్పుడో సూపర్‌వైజర్ని చేసేవాళ్ళురా."

అతను నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా అన్నాడు.

"ఆ నాలుగు లైన్లు రాసింది నువ్వు. నేను కాదు."

నిజమే. నా ముఖం తన పాత బొమ్మని పట్టుకుంది. సరే, తర్వాతి వెర్షన్‌లోనే అన్నాను. ఒప్పుకున్నాక గదిలో గాలి తేలికైనట్టనిపించింది. లొంగిపోవడంలో ఒక సుఖం ఉంది, అది మర్యాదలా కనిపిస్తుంది. అతను నా భుజం తట్టి టీ కలుపుకొస్తానని లేచాడు. అత్తయ్య తన కుర్చీని తెర ముందు నుంచి తీసి వెనక గదిలోకి మోసుకెళ్ళింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకుతో మాత్రం మామూలుగానే ఉంది. అది నాకు అర్థమైంది. అతని మీద ఆమెకి ఆశ లేదు.

ఐదో రోజు నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. కోపమా అన్నాను.

"కోపం కాదు," అంది. "మిల్లులో నేను గీత గీస్తే ఆ బట్ట తాను అక్కడే ఆగిపోయేది. తాను ఆగితే యాభై మంది నన్ను తిట్టుకునేవాళ్ళు. ఒకసారి మేనేజరు వచ్చి చెరిపెయ్యమన్నాడు. నీ చెయ్యి ఉంది కదా, నువ్వు చెరుపుకో అన్నాను."

"చెరిపాడా?"

"చెరిపాడు. చెరిపినవాడు వాడు. నేను కాదు."

ఇప్పుడు ఆ బళ్ళలో ఉన్న బోర్డు మాది కాదు. వేరే వాళ్ళు తెచ్చి బిగించారు. మొన్నామధ్య వీధిలో ఒక బండి ఆగి ఉంటే, డ్రైవరుని అడిగి క్యాబిన్‌లోకి ఎక్కి చూసొచ్చాను. అందులో కెమెరా ఆగితే గడి నల్లబడుతుంది. ఎవరి పేరు మీదైతేనేం. ఆదివారాలు మా ఆయన మా రెండు గదులకి వస్తాడు. తల్లి పక్కన కూర్చుంటాడు, నేను పెట్టిన భోజనం చేస్తాడు, కొత్తగా చేస్తున్న పని గురించి చెబుతాడు, డిపో పేరు ఎత్తడు. నేనూ ఎత్తను. ఎత్తాల్సింది అతను. నేను ఎదురుచూడగలను.

మేము డిపోకి వెళ్ళింది ఆ వేసవి చివర్లో. ఆవరణంతా తెల్లటి ఎండ. గోడ వారగా కడిగిన బళ్ళు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదానికి ముందు రోజు మా ఆయనా, వర్క్‌షాపు మెకానిక్కూ కలిసి కెమెరాలు బిగించారు. రేకు పెట్టెని డ్రైవరు పక్క సీటు ముందు, డ్యాష్‌బోర్డు కింద పెట్టారు. నన్ను ఆ సీట్లో కూర్చోమన్నారు, ఏదైనా అడిగితే చెప్పడానికి. డ్రైవరు సీట్లో గుబురు మీసాలాయన. వాటి వెనక నోరు ఎప్పుడు కదిలిందో కూడా తెలియదు. తెరిచిన తలుపుల దగ్గర కింద అటు డిపో మేనేజరు, ఇటు మా ఆయన. బండి వెనక చెత్త ఎత్తే ఇద్దరు మనుషులు గోడ నీడలో కూర్చుని ఒకే సీసాలోంచి నీళ్ళు తాగుతున్నారు. ఎవరూ వాళ్ళని పిలవలేదు, పొమ్మనలేదు.

మేనేజరు చేతిలో మా నివేదిక ఉంది. ఎండకి కళ్ళు చిట్లించి పేజీలు తిప్పుతూ, ఆఖరి పేజీ పైకి చదివాడు. నాలుగు కెమెరాలు, రెండు తెరలు, డెబ్భై రెండు గంటలు, ఎలాంటి లోపమూ కనపడలేదు. పరీక్షించినవారు అన్నచోట ఆగి, మీరేనా అని నన్ను అడిగి, కాగితం నా వైపు తిప్పాడు.

కింద నా సంతకం ఉంది. నేను పెట్టింది కాదు. కానీ నాదే. వేసవికి ముందు బోర్డుని తయారీకి పంపేటప్పుడు కాగితాల మీద పెట్టిన సంతకం అది. ఆ రోజు కలం ఆగిపోతే ఆఖరి అక్షరం తోక రెండు ముక్కలైంది. ఇక్కడా అలాగే రెండు ముక్కలైంది.

మా ఆయన వైపు చూశాను. అతను తెర వైపు చూస్తున్నాడు.

నాకు కోపం వచ్చిందని చెప్పలేను. ముందు వచ్చింది పాత విద్య. ముఖం తన పని తను చేసుకుపోతోంది. నవ్వు కూడా ఉంది అక్కడ. ఆ నవ్వుని లోపలి నుంచి చూస్తూ, ఇది ఎంతసేపు ఉంటుంది, దీనికి గడువు ఎవరు పెట్టాలి అనుకున్నాను. తర్వాతి వెర్షన్‌లోనా?

మేనేజరు ఇంజను స్టార్ట్ చెయ్యమన్నాడు. మీసాలాయన వెనక గేరు వేసి, బండి కదలకుండా బ్రేకు మీద కాలు ఉంచాడు. చిన్న తెర నిండా వెనక ఆవరణ వచ్చింది. ఖాళీ నేల, గోడ, నీడలో ఇద్దరు మనుషులు. సీసా మూత కూడా కనిపిస్తోంది. మేనేజరు తల ఊపుతూ, ఏదైనా ప్రశ్న ఉంటే అడగమన్నాడు డ్రైవరుని.

మీసాలాయన మా ఆయన వైపు కాక నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇరుకు సందుల్లో అద్దంలో ఏమీ కనపడదు. వెనక మావాళ్ళుంటారు. దీన్ని నమ్ముకుని బండి తియ్యొచ్చా?"

"మీ కళ్ళకన్నా ఎక్కువగా నమ్మండి," అన్నాడు మా ఆయన కింద నుంచి, నవ్వుతూ.

మీసాలాయన ఆ మాట విననట్టే నన్ను చూస్తూ ఉన్నాడు.

గోడ నీడలో ఉన్న ఇద్దరిలో ఒకతను లేచాడు. నీళ్ళు అయిపోయినట్టున్నాయి. సీసా పట్టుకుని బండి వైపు నడిచి వస్తున్నాడు. తెరలో అతని పాదం పైకి లేచింది.

నేను వంగి, పెట్టె పక్కన వెనక కెమెరా నుంచి వచ్చే మూడో కేబులు కొసని బొటనవేలితో నొక్కి బయటికి లాగేశాను. తెరలో పాదం లేచే ఉంది. దిగలేదు. పక్క అద్దంలో ఆ మనిషి బండి వెనక్కి వచ్చి, మెట్టు మీద సీసా పెట్టి, అక్కడే నిలబడ్డాడు.

ఊడదీసిన కేబులు కొసని డ్రైవరు అరచేతిలో పెట్టాను.